మార్కెట్ పడుతున్నప్పుడు: అమ్మాలా, ఆగాలా, ఇంకా పెట్టాలా?

2025 ఏప్రిల్ 7, సోమవారం. అమెరికా సుంకాల దెబ్బకు ఆ ఒక్కరోజే సెన్సెక్స్ (బొంబాయి స్టాక్ ఎక్స్‌చేంజీలో ముప్పై పెద్ద కంపెనీల సూచీ) 2,200 పాయింట్లకు పైగా పడింది. పొద్దున తొమ్మిదిన్నరకే మా పెదనాన్న కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అన్నీ అమ్మేయమంటావా? యాప్ తెరిస్తేనే టెన్షన్‌గా ఉంది" అన్నాడు. మధ్యాహ్నం తెనాలి నుంచి బాబాయ్. హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరై అప్పటికి ఏడాది కూడా కాలేదు. "అమ్మాయ్, ఇంత చవగ్గా మళ్ళీ దొరకవని టీవీలో చెబుతున్నారు. బ్యాంకులో ఉన్నదంతా పెట్టేద్దామా?" అని అడిగాడు.

ఒకే రోజు, ఒకే మార్కెట్. ఒకరికి పారిపోవాలని ఉంది, ఇంకొకరికి దూకాలని ఉంది. ఇద్దరినీ నేను ఒకటే అడిగాను: ఆ డబ్బు మీకు ఎప్పుడు కావాలి?

తమ్ముడికి మ్యూచువల్ ఫండ్లలో తొమ్మిది లక్షల చిల్లర ఉంది. అందులో ఐదు లక్షలు ఆగస్టులో ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కి కట్టాలి. మిగతా నాలుగు లక్షలు ఎందుకు దాచుతున్నాడో వాడు ఎప్పుడూ ఆలోచించలేదు. బాబాయ్‌కి నెలనెలా పెన్షన్ వస్తుంది. రిటైర్మెంట్ సొమ్ము ఇరవై లక్షలు ఎఫ్‌డీలో ఉంది. చిన్నమ్మాయి పెళ్ళి మరుసటి ఏడాది చేయాలనుకుంటున్నారు. ఈ తేదీలు తెలిశాక సలహా సగం దానంతట అదే తయారైంది. మార్కెట్ పడినప్పుడు చేయగలిగిన పనులన్నీ ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఏది ఎవరికన్నది చాలావరకు ఆ తేదీయే చెబుతుంది.

తేదీకి అంత విలువ ఎందుకో పాత పతనాలు చూస్తే తెలుస్తుంది. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. మళ్ళీ 21 వేల దగ్గరికి రావడానికి 2010 నవంబరు దాకా పట్టింది, అక్కడ కూడా నిలవలేదు. ఆ గరిష్ఠాన్ని గట్టిగా దాటింది 2013 చివర్లోనే. 2020లో కథ వేరు. మార్చి 23న ఒక్కరోజే 3,935 పాయింట్లు పోయి 25,981కి దిగింది, అదే ఏడాది నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. 2024 సెప్టెంబరులో 26,277 తాకిన నిఫ్టీ (నేషనల్ స్టాక్ ఎక్స్‌చేంజీలో యాభై పెద్ద కంపెనీల సూచీ) ఆ తర్వాత వరుసగా ఐదు నెలలు పడింది. 1996 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అంటే ఒక పతనం పది నెలల్లో పూడింది, ఇంకొకటి దాదాపు ఆరేళ్ళు తీసుకుంది. పడుతున్న రోజున అది ఏ రకమో ఎవరూ చెప్పలేరు. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరులో చూసిన గరిష్ఠాన్ని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. "మార్కెట్ ఎప్పటికైనా పైకి వస్తుంది" అనే మాటను నేను అందుకే సగమే నమ్ముతాను.

అన్నీ అమ్మి ఎఫ్‌డీలో వేయడం

మూడేళ్ళలోపు కావలసిన డబ్బు అయితే ఇది సరైన పనే. నష్టంలో అమ్ముతున్నామని బాధ ఉంటుంది. కానీ ఆ డబ్బు మొదటినుంచీ షేర్లలో ఉండవలసింది కాదు. ఫీజు, పెళ్ళి, ఇంటి కిస్తీ తేదీలు నిఫ్టీ కోలుకునేదాకా ఆగవు. ఆస్పత్రి ఖర్చుకో, ఉద్యోగం పోతే ఇల్లు నడపడానికో కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా లేనివాళ్ళు కూడా ఆ మేరకు అమ్మి పక్కన పెట్టుకోవచ్చు. మాంద్యం వచ్చినప్పుడు షేర్లు పడడం, ఉద్యోగాలు పోవడం ఒకేసారి జరుగుతుంటాయి. అప్పుడు ఇంకా తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

పదేళ్ళ తర్వాత కావలసిన డబ్బును కూడా భయంతో తీసేస్తేనే చిక్కు. అమ్మినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు కొనాలో కూడా సరిగ్గా పట్టుకోవాలి. రెండుసార్లు సరిగ్గా ఊహించాలన్నమాట. 2009 మే 18న, ఎన్నికల ఫలితాల తర్వాత, సెన్సెక్స్ ఒక్కరోజులో 17 శాతం పెరిగింది. ఒక్కరోజులో పెరగడానికి ఉన్న హద్దు (అప్పర్ సర్క్యూట్) రెండుసార్లు తగిలి ట్రేడింగే ఆపేశారు. "కాస్త కుదుటపడ్డాక కొందాం" అని బయట కూర్చున్నవాళ్ళకు ఆ రోజు లోపలికి వెళ్ళడానికి దారే లేదు. 2020 ఏప్రిల్ 7న, ఊరంతా లాక్‌డౌన్‌లో ఉండగా, సెన్సెక్స్ 2,476 పాయింట్లు పెరిగింది. భారీగా పెరిగే రోజులు ఇలా భారీగా పడే రోజుల మధ్యలోనే వస్తుంటాయి.

ఎఫ్‌డీ వైపు లెక్క కూడా చూడాలి. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది, దాంతో డిపాజిట్ల వడ్డీ కూడా దిగింది. ఆరున్నర శాతం వచ్చినా, 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాళ్ళకు సెస్సు కూడా పోగా మిగిలేది దాదాపు నాలుగున్నర శాతం. చాలా ఏళ్ళలో ధరల పెరుగుదలకే అది సరిపోతుంది. కనుక ఎఫ్‌డీ డబ్బును కాపాడుతుందే గానీ ఎక్కువగా పెంచదు. ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది. పెద్ద మొత్తమైతే రెండు మూడు బ్యాంకుల్లో పెట్టుకోండి.

డెట్ ఫండ్లను (కంపెనీల, ప్రభుత్వ అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్లను) ఎఫ్‌డీలాగే చూడకండి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాలను ఒక్కసారిగా మూసేసింది. డబ్బు తర్వాత విడతలుగా వెనక్కి వచ్చింది, కానీ ఆ మే నెలలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు అందలేదు. దగ్గరి తేదీ ఉన్న డబ్బుకు ఎఫ్‌డీ గానీ, బాగా తక్కువ గడువున్న అప్పు పత్రాల్లోనే పెట్టే లిక్విడ్ ఫండ్ గానీ చాలు. ఇంకో అర శాతం ఎక్కువ వస్తుందని ఆశపడవద్దు.

అమ్మక తప్పదనుకుంటే ఏది ముందు అమ్మాలో చూసుకోండి. ఏడాది దాటిన ఈక్విటీ (షేర్ల) ఫండ్లు, విడి షేర్ల మీద ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేల వరకు లాభానికి పన్ను లేదు, పైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం, చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడు (ముందే బయటికి వచ్చినందుకు కోసే రుసుము) కూడా పడుతుంది. నష్టంలో ఉన్నవి అమ్మితే ఆ నష్టాన్ని లాభంలో తీసివేసుకోవచ్చు. స్వల్పకాల (ఏడాదిలోపు) నష్టం రెండు రకాల లాభాలకూ పనికొస్తుంది, దీర్ఘకాల నష్టం దీర్ఘకాల లాభానికే. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ళ పాటు ముందుకు తీసుకెళ్ళవచ్చు, రిటర్ను గడువులోపు వేస్తేనే. నష్టం వచ్చిన ఏడాది "పన్ను కట్టేదే లేదు కదా" అని రిటర్ను ఆలస్యం చేసి ఈ హక్కు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

సిప్ ఆపడమా, కొనసాగించడమా

నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీని గురించే. నెలకు పదివేల సిప్ (ప్రతినెలా ఒకే మొత్తం ఫండ్‌లో వేయడం) అనుకుందాం. ఆరు నెలల్లో ఫండ్ ఎన్ఏవీ (ఒక యూనిట్ ధర) వరుసగా 100, 90, 75, 60, 75, 90 రూపాయలు. సిప్ ఆపకుండా కట్టినవాళ్ళు మొత్తం 60 వేలు పెట్టి దాదాపు 755 యూనిట్లు కొంటారు. చివరి రోజు 90 రూపాయల లెక్కన వాటి విలువ 68 వేలు. ఎన్ఏవీ మొదలైన చోటికి ఇంకా రాలేదు, అయినా ఎనిమిది వేల లాభం. భయపడి మధ్యలో మూడు నెలలు, అంటే 75, 60, 75 ఉన్నప్పుడు, ఆపి ఆరో నెలలో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు పెట్టింది 30 వేలు. వచ్చింది 322 యూనిట్లు, విలువ 29 వేలు. ఫండ్ ఒకటే, ఆరు నెలలూ అవే. రెండోవాళ్ళు చవకైన మూడు నెలలనే ఏరి మరీ వదిలేశారు.

కాబట్టి జీతం వస్తున్నంత కాలం, పైన చెప్పిన ఆరు నెలల ఖర్చు విడిగా ఉంటే, సిప్ ఆపవద్దనే నేను చెబుతాను. డబ్బు ఇబ్బందిగా ఉంటే పదివేలను మూడు వేలకు తగ్గించుకోండి. పూర్తిగా ఆపినవాళ్ళు "ఇంకొంచెం చూద్దాం" అంటూ మళ్ళీ మొదలుపెట్టడానికి ఏడాది తీసుకుంటారు.

దీనికి ఒక షరతు ఉంది. సిప్ అమ్మేవాళ్ళు ఆ మాట ఎక్కువగా ఎత్తరు. యావరేజింగ్ (ధర పడినప్పుడు ఎక్కువ యూనిట్లు వచ్చి సగటు ధర తగ్గడం) బలం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకే ఎక్కువ. పదిహేనేళ్ళుగా కడుతూ నలభై లక్షలు పోగుచేసినవాళ్ళకు మార్కెట్ 30 శాతం పడితే పోయేది పన్నెండు లక్షలు. నెలకు కట్టే పదివేలు ఆ గుంతను పూడ్చలేవు. వాళ్ళు ఆలోచించవలసింది ఆ నలభై లక్షల గురించి. కొడుకు చదువు ఇంకో మూడేళ్ళలో ఉంటే, మార్కెట్ బాగున్నప్పటినుంచే ఏటా కొంత తీసి ఎఫ్‌డీకి మారుస్తూ రావాలి. ఇప్పటికే పడిపోయి ఉంటే, మొదటి ఏడాది ఫీజు వెంటనే తీసేసి, మిగతా ఏళ్ళది ఏడాది ముందుగా ఒక్కొక్కటే తీయడం నయం.

ఏ ఫండ్‌లో కడుతున్నామన్నది కూడా చూడాలి. నిఫ్టీ 15 శాతం పడినప్పుడు చిన్న కంపెనీల షేర్లు కొనే స్మాల్ క్యాప్ ఫండ్ అంతకంటే లోతుగా పడడం మామూలే. గత ఏడాది బాగా పెరిగిందని సిప్ మొత్తం ఒకే రంగం షేర్లు కొనే థీమ్ ఫండ్‌లోనో స్మాల్ క్యాప్‌లోనో పెట్టినవాళ్ళు కొత్త వాయిదాలను సూచీలోని కంపెనీలనే కొనే ఇండెక్స్ ఫండ్‌కో, చిన్నా పెద్దా అన్ని కంపెనీల్లోనూ పెట్టే ఫ్లెక్సీ క్యాప్‌కో మార్చుకుంటే మంచిది. పాతది కదపనక్కరలేదు. పడితే నిద్రపట్టని మనస్తత్వం ఉన్నవాళ్ళకు షేర్లూ అప్పు పత్రాలూ కలిపి కొనే బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ లాంటి హైబ్రిడ్ ఫండ్లు ఉన్నాయి. మార్కెట్ లేచినప్పుడు వీటిలో తక్కువ పెరుగుతుంది, పడినప్పుడు తక్కువ పోతుంది. మధ్యలో భయపడి అమ్మేసే అలవాటు ఉంటే ఆ తక్కువ పెరుగుదలే వాళ్ళకు ఎక్కువ మిగులుస్తుంది.

చేతిలో ఉన్న మొత్తం ఒకేసారి పెట్టడం

బాబాయ్ అడిగింది ఇదే. ఆయనకు నేను 2008 మార్చి సంగతి చెప్పాను. 21 వేల నుంచి సెన్సెక్స్ 15 వేల దగ్గరికి వచ్చినప్పుడు అందరూ చవకనే అన్నారు. ఆ రోజు ఇరవై లక్షలు ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి ఉంటే, ఏడాది తిరిగేసరికి అవి పదకొండు లక్షలయ్యేవి. ఓపిక పట్టినవాళ్ళకు 2010 చివరికి అది మంచి లాభమే. కానీ రిటైరైన మనిషి ఆ పదకొండు లక్షలను చూస్తూ, ఇంట్లోవాళ్ళ మాటలు పడుతూ రెండేళ్ళు ఆగగలడా? చాలామంది ఆగలేదు.

విడతలుగా పెడితే ఈ బాధ తగ్గుతుంది. మొత్తాన్ని లిక్విడ్ ఫండ్‌లో ఉంచి ఎస్‌టీపీ (ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కి విడతలుగా మార్చే ఏర్పాటు) పెట్టుకుంటే నెలనెలా కొంత ఈక్విటీ ఫండ్‌కి దానంతట అదే మారుతుంది. దీనికీ ఖర్చు ఉంది. పెట్టడం మొదలుపెట్టిన నెలలోనే మార్కెట్ లేస్తే, ఒకేసారి పెట్టినవాళ్ళకంటే తక్కువ వస్తుంది. మార్కెట్ పడే ఏళ్ళకంటే పెరిగే ఏళ్ళే ఎక్కువ కనుక, లెక్క ప్రకారం ఒకేసారి పెట్టడమే తరచుగా గెలుస్తుంది కూడా. అయినా మొదటిసారి షేర్లవైపు వచ్చేవాళ్ళకు, జీవితంలో మళ్ళీ రాని రిటైర్మెంట్ డబ్బుకు, పన్నెండు విడతలనే నేను ఎంచుకుంటాను. ముప్పై ఏళ్ళ వయసులో బోనస్ లక్ష రూపాయలు వస్తే మాత్రం ఒకేసారి వేసేయమంటాను.

పడిన షేరునే ఇంకా కొని యావరేజ్ చేయడం

ఫండ్ సిప్‌కి పనికొచ్చిన లెక్క ఒక్క కంపెనీ షేరుకు పనికిరాకపోవచ్చు. తెలుగువాళ్ళకు ఇది సత్యం కంప్యూటర్స్ నేర్పిన పాఠం. 2008లో 500 రూపాయలు దాటిన షేరు, డిసెంబరులో ఛైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదన తర్వాత 160 దరిదాపులకు వచ్చింది. మన హైదరాబాద్ కంపెనీ, ఇంత పడ్డాక ఇంకేం పడుతుంది అని అప్పుడు కొన్నవాళ్ళు ఎందరో. 2009 జనవరి 7న ఖాతాలు తారుమారు చేశామని సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశాక, ఆ సాయంత్రానికి షేరు 40 రూపాయల కింద ఉంది. చివరికి 2013లో టెక్ మహీంద్రాలో కలిపినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. యెస్ బ్యాంకు షేరు 2018 ఆగస్టులో 400 దగ్గర, 2020 మార్చిలో మారటోరియం (డిపాజిట్లు తీసుకోవడంపై పరిమితి) పెట్టినప్పుడు ఒక దశలో ఆరు రూపాయల లోపు. దారిపొడవునా 300 దగ్గర, 200 దగ్గర, 100 దగ్గర యావరేజ్ చేస్తూ వచ్చినవాళ్ళు ప్రతిసారీ కొనుగోలు ధర తగ్గుతోందని తృప్తిపడ్డారు.

ఈ రెండిటిలోనూ సూచీ చేసిన పని గమనించండి. లేఖ బయటపడిన వెంటనే సత్యంను సెన్సెక్స్ నుంచి తీసి సన్ ఫార్మాను పెట్టారు. 2020 మార్చిలో యెస్ బ్యాంకును నిఫ్టీ 50 నుంచి తీసి శ్రీ సిమెంట్‌ను చేర్చారు. చెడిన కంపెనీని సూచీ వదిలించుకుంటుంది. మనం మాత్రం "కొన్న ధర వస్తే అమ్మేస్తాను" అంటూ దాన్ని పట్టుకునే కూర్చుంటాం. మార్కెట్ అంతా పడినప్పుడు ఇండెక్స్ ఫండ్‌లో ఇంకా పెట్టడం, ఒక్క షేరులో ఇంకా పెట్టడం పైకి ఒకేలా కనిపించినా, రెండో దానిలో కంపెనీ మొత్తం పోయే ప్రమాదం కూడా ఉంది.

విడి షేర్లు ఉన్నవాళ్ళు ముందు చూడవలసింది కంపెనీ అప్పు, ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు) తమ షేర్లు తాకట్టు పెట్టారా అన్నది, లాభం కాగితం మీదేనా లేక నగదు కూడా వస్తోందా అన్నది. తాకట్టు వివరాలు ఎక్స్‌చేంజీ వెబ్‌సైట్లో మూడు నెలలకోసారి వస్తాయి. మార్కెట్‌తో పాటే పడిన మంచి కంపెనీ అయితే ఉంచుకోండి. మార్కెట్ నిలబడి ఉన్నా అదొక్కటే పడుతుంటే కారణం తెలిసేదాకా ఒక్క రూపాయి కూడా కలపకండి. సగం పోయిన షేరు కొన్న ధరకు రావాలంటే రెట్టింపు కావాలి. ఆ రెట్టింపు ఇదే షేరులో రావాలన్న నియమం లేదు. అమ్మి ఇండెక్స్‌లో పెట్టినా అక్కడ పెరిగేది మన డబ్బే.

పోయింది త్వరగా రాబట్టాలని ఆప్షన్లలోకి (ధర ఎటు పోతుందోనని పందెంలా కాసే కాంట్రాక్టుల్లోకి) వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో టిప్స్ ఇచ్చేవాళ్ళకు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ గ్రూపులోంచి వచ్చేయండి.

బంగారం, ప్లాటు, వడ్డీకి ఇవ్వడం

షేర్లు పడగానే మన ఇళ్ళలో వినిపించే మూడు మాటలివి. బంగారం కొంత ఉండడం మంచిదే, పదో వంతు దాకా. కానీ ఎప్పుడూ పెరిగేదేనని అనుకోవద్దు. 2012లో పది గ్రాములు 31 వేల దరిదాపుల్లో ఉంటే 2018లో కూడా అక్కడే ఉంది. ఆ తర్వాత పెరిగిన వేగం చూసి ఇప్పుడు షేర్లు నష్టానికి అమ్మి బంగారం కొనడమంటే మళ్ళీ పెరిగినదాని వెంట పరిగెత్తడమే. ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడున్నర శాతం దాకా అవుతుంది, అవసరమైనప్పుడు పావు వంతు అమ్ముకోవడం కుదరదు. పోర్ట్‌ఫోలియోకి ప్రత్యామ్నాయంగా దాన్ని నేను చూడను.

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఇచ్చేవాళ్ళకు అసలుకే ప్రమాదం. అయితే మీరే ఆ వడ్డీకి అప్పు తెచ్చుకుని ఉంటే, లేదా క్రెడిట్ కార్డు బాకీ నెలకు మూడు శాతంపైన నడుస్తుంటే, మార్కెట్ ఎంత చవగ్గా ఉన్నా ముందు అది తీర్చండి. 24 శాతం ఖాయంగా మిగిల్చే పెట్టుబడి ఇంకెక్కడా దొరకదు. ఇంటి లోను మాత్రం తొందరపడి తీర్చనక్కరలేదు.

అమెరికాలో ఉండి ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు చవగ్గా ఉన్నాయని కొనాలనుకునే మనవాళ్ళు, అక్కడి పన్ను శాఖ వీటిని పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద చూస్తుందని, విడిగా ఫారాలు, భారీ పన్ను ఉంటాయని తెలుసుకుని దిగండి. వాళ్ళకు విడి షేర్లో, అక్కడే దొరికే ఇండియా ఈటీఎఫో (షేరులా కొనుక్కునే ఫండ్) నయం.

చివరికి తమ్ముడు ఆ వారంలోనే ఐదు లక్షలు తీసేశాడు. ముందు నష్టంలో ఉన్న స్మాల్ క్యాప్ ఫండ్, తర్వాత ఏడాది దాటినవి. ఆ డబ్బు నాలుగు నెలల ఎఫ్‌డీలో పెట్టాడు. మిగతా నాలుగు లక్షలు, సిప్ కదపలేదు. నెలాఖరుకు నిఫ్టీ 24 వేలు దాటింది. "అక్కా, ఆగి ఉంటే బాగుండేది కదా" అన్నాడు. ఇంకా పడి ఉంటే ఆగస్టులో ఫ్లాట్ ఎలా తీసుకునేవాడివని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఇప్పుడూ అదే చెబుతాను.

బాబాయ్ పెళ్ళికి ఎనిమిది లక్షలు, ఆస్పత్రి అవసరాలకు ఆరు లక్షలు రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీగానే ఉంచాడు. మిగిలిన ఆరు లక్షలు నెలకు యాభై వేల చొప్పున పన్నెండు విడతల్లో ఇండెక్స్ ఫండ్‌కి వెళ్ళేలా పెట్టాం. నామినీ పేరు దగ్గర పిన్ని పేరు రాయించి, ఫండ్ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెళ్ళి పట్టుచీరల కింద పెట్టింది పిన్నే.